చూపిన వ్రేలు



కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున వేటను రాజుల వ్యసనములలో నొకటిగా లెక్కించెను. అయినను జూదముకంటె వేట మేలని వాదించెను. వేటాడువానికి వ్యాయామము కలుగును, కొవ్వు కరుగును, కదలుచున్న గురిని కొట్టు నేర్పు వచ్చును, మృగముల చిత్తము తెలియును అని ఆయన యుక్తి. ఈ కడపటి మాటను నేను బడిలో అనేక పర్యాయములు వ్యాఖ్యానించితిని. దాని యర్థము మాత్రము నాకు అడవిలో తెలిసినది.

అది 1969 డిసెంబరు మాసము. నాకు పదియేండ్లు. మా తండ్రిగారు నల్లమలలో వెదురు నరికించు ఒక కంట్రాక్టరు కడ లెక్కలు వ్రాయుచుండిరి. సెలవులకు నేనును ఎడ్లబండిమీద అచ్చటికి పోయితిని. వాగు యొడ్డున వెదురుతడికల గోడలును గడ్డికప్పును గల పాకలు రెండుండెను. ఒకదానిలో మేము మూడురాళ్ల పొయ్యిమీద వేరుగా వండుకొనుచుంటిమి. రెండవదానిలో కంట్రాక్టరుగారి స్నేహితుడొకడు లైసెన్సు తీసికొని వేటకై వచ్చి దిగియుండెను. అతనికి దారి చూపుటకు ఒక చెంచు వృద్ధుడు కుదిరెను.

ప్రతిదినము ఉదయమున వారు కౌజులకును అడవికోళ్లకును పోవుదురు. బతిమాలి నేనును వెంటబడుదును. వృద్ధుడు నేలమీది రెట్టను పుల్లతో కదపి చూచి, ఆ పక్షులెంత సేపటి క్రిందట పోయినవో చెప్పును. నలిగిన గడ్డిపోచ, బురదలోని గిట్టజాడ, కొండముచ్చు అరపు, ఇవియన్నియు అతనికి అక్షరములు. అప్పుడే అమరము వల్లెవేయుచున్న నాకు అది మరియొక నిఘంటువుగా తోచెను.

నాల్గవదినమున పెద్దమృగము కొరకు తెల్లవారకమునుపే వాగు మలుపున పొంచితిమి. వృద్ధుడు కదలక మెదలక కూర్చుండెను. వెలుగు వచ్చునప్పటికి ఎదుటిగట్టున, చెట్లనీడలో, ఒక కణితి నిలిచియుండెను. దానిని మొదట కనుగొన్నవాడను నేనే యని పొంగిపోయి, వ్రేలు చాచి చూపితిని. తుపాకి మ్రోగెను. కణితి ముందుకాళ్లమీద కూలి, తిరిగి లేచి, పొదలలో దూరెను. దాని వెనుకనుండి చిన్నపిల్ల యొకటి దుమికి పారిపోయెను.

వృద్ధుడు ఆ పెద్దమనిషిని ఏమియు ననలేదు. నావైపు తిరిగి, మెల్లగా, "నేనూ సూసినా సామీ. పిల్లతల్లి. అందుకే సూపలే" అనెను.

రక్తపుచుక్కలు కొంతదూరము కనబడి, బండలమీద జాడ తప్పినవి. ఎండ ముదురగానే పెద్దమనిషి పాకకు మరలివచ్చి భోజనమునకు కూర్చుండెను. వృద్ధుడు విల్లును గొడ్డలిని తీసికొని ఒంటరిగా పోయెను. మరునాటి సాయంకాలము తిరిగివచ్చి, కడుపులో గుండు తగిలి పడియున్న కణితికి బాధ తీర్చితినని చెప్పెను. పిల్ల యేమైనదని అడిగితిని. అతడు తల అడ్డముగా ఊపెను. కనబడలేదనియో, బ్రతుకదనియో, నేను మరల అడుగజాలనైతిని.

ఆ పెద్దమనిషికి గురి యుండెను. నాకు చూపు ఉండెను. కౌటిల్యుడు చెప్పిన మృగచిత్తజ్ఞానము చూచియు చూపక కూర్చున్నవానియందుండెను.

1972లో వన్యప్రాణిరక్షణ చట్టము వచ్చెను, షికారు నిలిచెను. 1983లో ఆ యడవి పులుల రక్షితప్రదేశమయ్యెను. వేటపాకలుండిన అడవిలో నేడు కాపలాశిబిరములున్నవి. వానిలో చెంచులు పనిచేయుచు, పులి అడుగులను గుర్తించుచు, దొంగవేటగాండ్రు పన్నిన ఉచ్చులను తీసివేయుచున్నారు. 1900 తరువాత కనబడక, నశించినదని లోకము తలచిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరకినది. దానిని పట్టినవాడు రాత్రివేళ దీపపు వెలుగున పక్షులను పట్ట నేర్చిన పల్లెవాసి. తుపాకి పోయినందుకు నాకు చింతలేదు. ఈ చదువు పోయినచో దానిని తిరిగి వ్రాసికొనుటకు మనకు గ్రంథము లేదు.

మీరు పిల్లలతో అడవికి పోయినప్పుడు, పిల్లవాడు దేనినైనను చూచి వ్రేలు చాపబోయినచో, ముందుగా దారిచూపువాని ముఖము చూడుమని చెప్పుడు. ఆ మాట నాకు ఎవరును ముందుగా చెప్పలేదు.