నేత్రదానము – పూర్తధర్మము



లయన్స్ క్లబ్బు వంటి సేవాసంఘములు మన పట్టణములలో ఎండాకాలము చలివేంద్రములు పెడుతున్నాయి. పేదలకు కంటి శిబిరములు నడిపి శుక్లములు తీయిస్తున్నాయి. రక్తదానము చేయిస్తున్నాయి. వీటిని మనమందరము మెచ్చుకుంటున్నాము. కాని అదే సంఘమువారు మరణము సంభవించిన ఇంటికి వచ్చి, "పోయినవారి కళ్ళు దానము చేయండి" అని వినయముతో అడిగినప్పుడు మాత్రము మన ఆస్తికులు వెనుకాడుతున్నారు. "శాస్త్రము ఒప్పుతుందా? ముందు పురోహితుణ్ణి అడగండి" అంటారు. ఆ విచారణ తెమిలేలోపల గంటలు గడచిపోతాయి. గడియ దాటిన తరువాత ఒప్పుకున్నా ప్రయోజనము ఉండదు. అందుచేత ఆ సందేహమును, ఇంట దుఃఖము లేని ఈ సమయములోనే, స్థిమితముగా విచారించుకుందాము.

మన పెద్దలు గృహస్థు చేయవలసిన సత్కర్మలను ఇష్టములనీ పూర్తములనీ రెండుగా చెప్పారు. అగ్నిముఖముగా దేవతలను ఉద్దేశించి చేసే యజ్ఞాదులు ఇష్టములు. బావులు, చెరువులు త్రవ్వించడము, చలివేంద్రము పెట్టడము, తోటలు వేయించడము, అన్నసత్రము నడపడము, దేవాలయము నిర్మించడము పూర్తములు. ఇష్టమునకు మంత్రము కావాలి, అధికారము కావాలి. పూర్తమునకు ఎదుటివాని అవసరము తెలిస్తే చాలును, చేసే మనస్సు ఉంటే చాలును. కనుక సేవాసంఘమువారి పనిలో మంత్రము వినబడదు గదా అని దానిని ధర్మమునకు వెలుపల ఉంచరాదు. అది పూర్తధర్మమే.

ఒకప్పుడు ఈ పనులన్నీ దేవాలయము నీడనే జరిగేవి. గుంటూరు జిల్లా మందడము సమీపమున ఉన్న మల్కాపురములో కాకతి రుద్రమదేవి కాలపు శాసనము ఒకటి ఉన్నది. అది 1261వ సంవత్సరము నాటిది. గోళకీమఠాచార్యులైన విశ్వేశ్వర శివాచార్యులవారు అక్కడ నెలకొల్పిన ధర్మమును అది వివరిస్తున్నది. అందులో శివాలయము ఉన్నది, మఠము ఉన్నది, విద్యార్థులకు బోధ ఉన్నది. వాటితో పాటు ప్రసూతిశాల ఉన్నది, ఆరోగ్యశాల ఉన్నది, జాతిభేదము లేకుండా వచ్చినవారందరికీ అన్నము పెట్టే సత్రము ఉన్నది. గర్భగుడిలో దీపము వెలిగించిన చేతులే ప్రసూతిశాలలోనూ దీపము పెట్టాయి. ఆ రెండింటికీ మధ్య విరోధము ఆ పెద్దలకు తోచలేదు. మనకు మాత్రము ఎందుకు తోచాలి?

ఇక ఈ సంఘము వృత్తాంతము కొంచెము తెలుసుకోవాలి. లయన్స్ క్లబ్బుల సంస్థ 1917లో అమెరికాలోని చికాగో నగరములో మెల్విన్ జోన్స్ అనే వర్తకుని పూనికతో ఏర్పడినది. 1925లో ఒహాయో రాష్ట్రములో జరిగిన వారి మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చింది. పసితనముననే చూపు, వినికిడి రెండూ కోల్పోయిన మహనీయురాలు ఆమె. అంధుల పక్షాన నిలువవలసినదని ఆమె ఆ సభను అర్థించింది. ఆనాటి నుండి కంటి సేవ ఆ సంస్థకు ముఖ్యవ్రతమైనది. 1956లో అది మన దేశమునకు వచ్చినది. ఎక్కడో పుట్టిన సంస్థ అని కొందరు అంటారు. దాహము తీర్చే నీటికి ఊరి పేరు అడిగేవారు ఉన్నారా?

నేత్రదానము అంటే ఏమిటో వైద్యులు చెప్పగా నేను తెలుసుకున్నంత మనవి చేస్తాను. కంటి నల్లగుడ్డు ముందు గాజుపలకవలె నిర్మలమైన పొర ఒకటి ఉంటుంది. దానిని కార్నియా అంటారు. దెబ్బ తగిలో, పుండు పడియో ఆ పొర తెల్లబడితే మన పల్లెలలో "కంటిలో పువ్వు వేసింది" అంటారు. లోపలి కన్ను బాగానే ఉన్నా వెలుతురు చొరదు. అటువంటివారికి మరణించినవారి కార్నియాను అమర్చితే చూపు వచ్చే అవకాశము ఉన్నది. ఈ చికిత్స 1905లోనే ఐరోపాలో సఫలమైనది. కంటి నరము చెడినవారికి ఇది పనికిరాదు. పువ్వు వేసినవారికి మాత్రము మనుష్యుడు ఇచ్చిన కార్నియాయే ప్రధానమైన ఆధారము. బ్రతికి ఉన్నవారి నుండి దీనిని తీసుకోరు. ఒక్కరు ఇస్తే సాధారణముగా ఇద్దరికి ఉపకరిస్తుంది.

ఇప్పుడు మనవారి సందేహములు మూడింటిని చూద్దాము.

మొదటిది: "కళ్ళు ఇచ్చివేస్తే మరుజన్మలో గుడ్డివాడై పుడతాడు" అనే భయము. అన్నము పెట్టినవాడు మరుజన్మలో ఆకలితో పుడతాడని ఎవరైనా అంటారా? వస్త్రము ఇచ్చినవాడు దిగంబరుడై తిరుగుతాడని ఏ పురాణమైనా చెప్పిందా? దానమునకు ఫలము లేమి అయితే ఇన్ని దానములను పెద్దలు ఎందుకు విధిస్తారు? కర్మసిద్ధాంతమును నమ్మినవాడు ఈ భయమును నమ్మలేడు. రెండూ ఒకచోట నిలువవు.

రెండవది: "అంత్యేష్టి అనగా దేహమును అగ్నికి సమర్పించే చివరి ఆహుతి. ఆ ఆహుతిలో లోపము ఉండవచ్చునా?" ఇది భక్తితో పుట్టిన సందేహము. దీనిని తేలికగా తీసివేయరాదు. కాని లోకమును చూడండి. ప్రమాదములో కాలు పోయినవాడు ఉన్నాడు. వార్ధక్యములో పండ్లు ఊడినవాడు ఉన్నాడు. శుక్లము తీయించుకొని కృత్రిమ కటకము పెట్టించుకొన్నవారు ఇంటింటా ఉన్నారు. వారికి సంస్కారము చెల్లదని ఏ పురోహితుడైనా అన్నాడా? సంస్కారము జరిగేది దేహములోని తునకలను లెక్క పెట్టి కాదు. కర్త శ్రద్ధను బట్టి, విధిని బట్టి.

మూడవది కొంచెము చదువుకున్నవారి సందేహము. "మృతుని నేత్రము సూర్యుని చేరవలెనని వేదము చెబుతున్నది గదా! మరి కన్ను ఇంకొకరి ముఖములో ఉంటే అది సూర్యుని ఎట్లా చేరుతుంది?" అంటారు. ఇక్కడ మన శాస్త్రకారులు చేసిన విభాగమును గుర్తు తెచ్చుకోవాలి. గోళకము వేరు, ఇంద్రియము వేరు. కంటికి కనబడే మాంసమయమైన కనుగుడ్డు గోళకము. అందులో నిలిచి చూచే శక్తి ఇంద్రియము. ఇంద్రియము సూక్ష్మశరీరమునకు చెందినది. ప్రాణము పోయినప్పుడే అది గోళకమును విడిచిపోతుంది. అందుకే శవమునకు కళ్ళు ఉన్నా చూపు లేదు. చితిలో కాలినప్పుడు కూడా గోళకము బూడిదయై ఇక్కడనే మిగులుతుంది. సూర్యుని చేరేది ఆ బూడిద కాదు. కనుక కార్నియాను ఇచ్చినంత మాత్రాన వేదవాక్యమునకు భంగము లేదు. ఖాళీ చేసి వెళ్ళిన ఇంటి తలుపును మరొక ఇంటికి అమర్చితే, వెళ్ళినవానికి ప్రయాణము ఆగుతుందా?

దేహమును పరోపకారమునకు ఇవ్వడము మన సంప్రదాయమునకు కొత్త కూడా కాదు. దధీచి మహర్షి లోకరక్షణ కొరకు తన ఎముకలను ఇచ్చాడు. శిబి చక్రవర్తి ఒక పావురము కొరకు తన మాంసమును కోసి ఇచ్చాడు. మన శ్రీకాళహస్తిలో కన్నప్ప కథ తెలియనివారు లేరు. స్వామి కంట రక్తము కారడము చూచి, ఆ బోయభక్తుడు తన కన్ను పెకలించి పెట్టాడు. రెండవ కంట కూడా రక్తము కారగా, గుర్తు కొరకు పాదమును అక్కడ మోపి రెండవ కన్ను సైతము తీయబోయాడు. స్వామి ప్రత్యక్షమై వారించాడు. ఆ ముగ్గురూ బ్రతికి ఉండగా, బాధను ఓర్చి ఇచ్చారు. మనలను ఎవరూ అంత అడగడము లేదు. మనకిక అక్కర లేని దానిని అడుగుతున్నారు.

అయితే ఇచ్చే తీరును గూర్చి కూడా పెద్దలు హెచ్చరించారు. శ్రద్ధ ఉండాలి, సిగ్గు ఉండాలి, ఎరుక ఉండాలి అని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి శిష్యునికి బోధిస్తున్నది. ఈ మాట సేవాసంఘము సోదరులకు కూడా మనవి చేస్తున్నాను. శ్రద్ధ అంటే పని తుదివరకు చూడడము. శుక్లము తీయించి పంపిన వృద్ధురాలికి చుక్కల మందు వేసేవారు ఉన్నారా, తిరిగి పరీక్షకు తీసుకొని వెళ్ళేవారు ఉన్నారా అని కనుక్కుంటేనే ఆ శిబిరము పూర్తి అయినట్లు. చలివేంద్రము ప్రారంభము నాడు కుండకు పూలమాల వేయడము సులభము. నలభైయవ నాడు ఆ కుండను కడిగి నీరు నింపడమే ధర్మము. సిగ్గు అంటే ఇచ్చేవాడు తాను ఇంకా ఎక్కువ ఇవ్వలేకపోయానే అని తల వంచడము. మరణము జరిగిన ఇంట ఛాయాచిత్రములు తీయవద్దు. బ్యానరు కట్టవద్దు. దుఃఖములో ఉన్నవారిని తొందరపెట్టవద్దు. ఒక్కసారి మృదువుగా అడగండి. కాదన్నప్పుడు నమస్కరించి వెళ్ళండి. బలవంతముతో తీసుకొన్నది దానము కాదు.

గృహస్థులకు ఎరుక కావాలి. ఇష్టమున్నవారు బ్రతికి ఉండగానే ఇంటివారికి చెప్పి ఉంచాలి. కాగితము మీద సంతకము చేసినా, ఆ సమయమునకు కుటుంబమువారి అంగీకారము కావాలి. ప్రాణము పోయిన 6 గంటలలోపల, వీలైనంత త్వరగా, నేత్రనిధికి కబురు చేయాలి. వారు వచ్చేలోపల రెప్పలు మూసి తడి దూదిని ఉంచాలి, పంకా ఆపాలి, తల క్రింద దిండు పెట్టి కొంచెము ఎత్తు చేయాలి. శిక్షణ పొందినవారు ఇంటికే వస్తారు. సుమారు 20 నిమిషములలో పని ముగుస్తుంది. పరీక్ష కొరకు కొద్దిగా రక్తము కూడా తీసుకుంటారు. ముఖము వికారము కాకుండా రెప్పలను సరిచేస్తారు. స్నానము చేయించడమునకు గాని, దహనమునకు గాని ఆటంకము ఉండదు. వృద్ధులు, కళ్ళజోడు పెట్టుకొనేవారు, శుక్లము తీయించుకొన్నవారు, మధుమేహము ఉన్నవారు కూడా ఇవ్వవచ్చును. కొన్ని అంటువ్యాధులతో పోయినవారి నుండి మాత్రము తీసుకోరు. ఏటా ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు దేశమంతటా నేత్రదాన పక్షోత్సవములు జరుగుతాయి. ఆ రోజులలో ఇంటిల్లిపాదీ కూర్చుండి మాట్లాడుకోవడము మంచిది.

నాతోటి పురోహితులకు ఒక విన్నపము. ఆ గడియలో ఇంటివారు మన ముఖము వైపు చూస్తారు. మనము "తరువాత ఆలోచిద్దాము" అంటే ఆ తరువాత అనేది ఉండదు. శాస్త్రము ప్రతివాడూ ఇచ్చి తీరవలెనని విధించిందని నేను చెప్పడము లేదు. ఇచ్చేవానిని శాస్త్రము ఆపడము లేదని మాత్రము చెబుతున్నాను. ఆ ఒక్కమాట మనము ఆ ఇంట నిలబడి ధైర్యముగా చెప్పగలగాలి.

చివరగా ఒక విషయము గమనించండి. ఈ దానములో ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారికి చెప్పరు. పుచ్చుకున్నవారెవరో ఇచ్చినవారి కుటుంబమునకు చెప్పరు. అమ్మడము, కొనడము 1994 నాటి చట్టము నిషేధించినది. దాత తిరిగి ఏమీ ఆశించలేడు, పొగడ్త వినడమునకు కూడా ఉండడు. గీతలో భగవానుడు ప్రత్యుపకారము కోరని దానమును సాత్త్వికమని చెప్పాడు. ఆ లక్షణము ఇంత సంపూర్ణముగా అమరిన దానములు తక్కువ. మనము ఎరుగని ఒక ఇంట, మనము ఎరుగని ఒక తల్లి, తన బిడ్డ ముఖమును మొదటిసారి చూస్తుంది. ఆ చూపు పరమేశ్వరార్పణమగుగాక.

స్వస్తి.