ఆపదనాటి మూట

(చాపాడులో జరిగిన సొసైటీ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాము.



చదువుల గురించి, పెండ్లిళ్ల ఖర్చుల గురించి పెద్దలు చక్కగా సెలవిచ్చినారు. మేము ఎత్తుకొన్నది చాలా చిన్న విషయము. మూడు రోజులు అంగడి తెరవలేదనుకోండి, కరెంటు రాలేదు, కొళాయి రాలేదు, ప్రొద్దుటూరు పోయే దారి తెగిపోయింది. అప్పుడు మన ఇంట్లో ఏముంది? ఈ ప్రశ్నకు ప్రతి ఇంటి యజమాని, ముఖ్యంగా ప్రతి ఇల్లాలు, ఈ రాత్రి జవాబు చెప్పుకోవలెనని మా మనవి.

"మనది రాయలసీమ, వాన కోసం మొగులు చూసేవాళ్లం, మనకు వరదేమిటి?" అని కొందరు నవ్వవచ్చు. కాని మన ప్రక్కనే కుందూ వున్నది. ఆ యేరు నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా వచ్చి, మన ప్రాంతం దాటి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అక్కడ కుండపోతగా కురిస్తే, ఇక్కడ చినుకు పడకపోయినా కుందూ పొంగుతుంది. 2019 సెప్టెంబరులో జరిగింది అదే. నంద్యాల వైపు కురిసిన వానలకు కుందూ వొడ్డు దాటి మన పల్లెల పొలాలను ముంచింది. వరద మన ఇంటి వానను అడిగి రాదు. ఎగువ వానతోనే వస్తుంది.

2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ వానలకు కడప పట్టణములో బుగ్గవంక పొంగి ఇండ్లలోకి వచ్చింది. అంతకు ముందు 2001లోనూ బుగ్గవంక కడపను అట్లే ముంచింది. మరుసటి సంవత్సరము, అంటే 2021 నవంబరు 19న, తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. రాజంపేట దగ్గరి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామాల మీద నీళ్లు విరుచుకుపడినాయి. మనుషులు పోయినారు, గొడ్డూగోదా పోయినాయి, ఇండ్లు నేలమట్టమైనాయి. ఆ వానలకే కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. కడపకు పోయే దారి ఎన్నో ఊళ్లకు చుట్టు దారి అయినది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా ఇదే నవంబరు 19వ తేదీనే. కాబట్టి నవంబరు నెల అంటే మన రాష్ట్రము జాగ్రత్తగా వుండవలసిన నెల.

పల్లెల సంగతి ఇట్లుంటే, పట్నం వాళ్లు కూడా తప్పించుకోలేదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగినాయి. చాలా కుటుంబాలు మిద్దెల మీద, పై అంతస్తులలో రోజుల తరబడి చిక్కుకున్నారు. చుట్టూ మనిషెత్తు నీళ్లు, తాగడానికి మాత్రం చుక్క లేదు. పడవలలో, హెలికాప్టర్లలో, చివరకు డ్రోన్లతో పొట్లాలు, నీళ్ల సీసాలు అందించవలసి వచ్చింది. సాయం రాలేదని కాదు, వచ్చింది. అయితే సాయం ప్రతి గడపకు చేరేలోపల కొన్ని గంటలో, కొన్ని రోజులో పడుతుంది. ఆ మధ్య కాలాన్ని దాటించేదే ఇంట్లోని మూట.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక మాట అంటారు. "రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. ముందే దాచుకోవడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదా?" కాదని మా వినయపూర్వకమైన మనవి. ఒంటెను విడిచిపెట్టి అల్లాహ్‌పై భారం వేయనా అని అడిగినవానితో, ముందు కట్టు, తరువాత భారం వెయ్యి అన్న భావముతో మన ప్రవక్త సెలవిచ్చినట్లు హదీసులో వున్నది. హజ్రత్ యూసుఫ్ వృత్తాంతము మన పిల్లలందరికీ తెలుసు. ఏడు పంటల సంవత్సరాలలో ధాన్యాన్ని వెన్నులోనే వుంచి దాచినందువల్ల ఏడు కరువు సంవత్సరాలు ఈజిప్టు ప్రజలు బ్రతికినారు. ఒక ప్రవక్త చేసిన పని తవక్కుల్‌కు విరుద్ధమెట్లా అవుతుంది?

అయితే ఒక గీత గీసుకోవలెను. ఇంటివాళ్ల కోసం నాలుగు రోజుల తిండి వుంచుకోవడం వేరు. ధర పెరుగుతుందని బస్తాలు బస్తాలు దాచి, ఇరుగుపొరుగును పస్తు పెట్టడం వేరు. రెండవదాన్ని మన దీన్ గట్టిగా నిషేధించింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు డబ్బున్నవాళ్లు ఒకేసారి అంగళ్ల మీద పడి కొన్నందున, కూలి డబ్బుతో సాయంత్రం పోయినవానికి సరుకు దొరకని ఊళ్లు ఎన్నో. ప్రశాంతంగా వున్నప్పుడు కొంచెం కొంచెంగా కొని పెట్టుకున్నవాడు ఆపద రోజున అంగడికి పరుగెత్తడు. వాని వంతు సరుకు లేనివానికి మిగులుతుంది. ముందుచూపు కూడా ఒక విధమైన దానమే.

మన సీమ పెద్దలకు ఇది కొత్త కాదు. జొన్నలు పాతరలలో పోసి దాచిన ఊళ్లు ఇవి. 1876-78 నాటి ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఎంత అల్లాడినాయో చరిత్రలో వున్నది. ఇంట్లో గింజ లేనివాడే మొదట వలసపోయినాడు. ఇప్పుడు పాతరలు పోయినాయి, గాదెలు పోయినాయి. అంగడి దగ్గరుందని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం దారి వున్నంతవరకే.

ఇక మూటలో ఏమేమి వుండవలె?

మొదటిది నీళ్లు. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కనీసం 4 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. మూతవేసి నీడలో పెట్టి, అప్పుడప్పుడు మార్చుకుంటూ వుండవలె. వరద తరువాత బోరు నీళ్లయినా మరగకాచనిదే తాగరాదు. ఆరోగ్య కేంద్రములో క్లోరిన్ బిళ్లలు ఇస్తే వాడుకోవలె.

రెండవది తిండి. పొయ్యి వెలిగించకుండా తినేవి ముందు. బొరుగులు, వేయించిన పప్పులు, బెల్లం, వేరుశెనగ, అటుకులు, ఖర్జూరాలు. రంజాన్ తరువాత మిగిలిన ఖర్జూరాలను డబ్బాలో వుంచితే అదే సగం మూట. చంటిబిడ్డ వుంటే దాని పాలపొడి వేరుగా చూసుకోవలె.

మూడవది మందులు. బి.పి., షుగర్ బిళ్లలు ఎప్పుడూ ఒక వారానికి ఎక్కువే వుండవలె. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోతే దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, మట్టికుండలో తడి ఇసుక నడుమ చల్లగా పెట్టుకొనవచ్చు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు వుంచండి. లేకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కలిపితే సరి. ఇది వరద విరేచనాలకే కాదు, మన మే నెల వడదెబ్బకు కూడా పనికివస్తుంది. దూది, కట్టుగుడ్డ, డెట్టాల్ ఎట్లాగూ వుండవలె. నీళ్లు వచ్చినప్పుడు పాములు ఇండ్లలోకి వస్తాయి. కాటు పడితే కోయవద్దు, బిగించి కట్టవద్దు, మంత్రం కోసం కాలం పోగొట్టవద్దు. కాలు చెయ్యి కదలకుండా వుంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చవలె.

నాల్గవది వెలుతురు, వార్త. సెల్లులు వేసిన టార్చిలైటు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, ఒక చిన్న రేడియో. తుపాను మాట వినగానే ఫోన్లు నిండా ఛార్జి చేసుకోవలె. నీళ్లు గడప దగ్గరికి వస్తే మెయిన్ ఆపడం ఇంట్లో ఆడవాళ్లకు, పెద్ద పిల్లలకు కూడా తెలియవలె.

అయిదవది కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, నికాహ్‌నామా, పిల్లల సర్టిఫికెట్లు. వీటన్నిటినీ గట్టి ప్లాస్టిక్ కవరులో చుట్టి, కొంచెం చిల్లర డబ్బుతో కలిపి ఒకేచోట పెట్టవలె. ఇల్లు పోయినవానికి నష్టపరిహారం అడగడానికి మొదట కావలసినది ఈ కాగితమే. అది తడిసి పోయినవాడు ఆఫీసుల చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతాడో మనకు తెలియనిది కాదు.

"ఇదంతా వున్నవాళ్లకు, మాకు నేటి కూలి నేటికే" అనే అక్కలు, అన్నలు ఈ సభలో వున్నారు. వారి మాటలో న్యాయమున్నది. వారికోసం మన ఇండ్లలోని పాత పద్ధతినే గుర్తుచేస్తున్నాము. మదరసా కోసం మన తల్లులు వంట చేసే ప్రతిసారి పిడికెడు బియ్యం పక్కన వేసేవారు. ముఠ్ఠీ చావల్ అనేవారు. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు. పూటకొక పిడికెడు, రెండు పూటలు వేస్తే నెలకు 3 కిలోలు. రెండు నెలలలో అయిదుగురికి మూడు రోజుల బియ్యం ఇంట్లో చేరుతుంది. ఎవరినీ చెయ్యి చాచనక్కరలేదు. పాతవి వండుకొని కొత్తవి వేస్తూ వుంటే పురుగు పట్టదు.

అయినా కొన్ని ఇండ్లకు ఇది కూడా భారమే. ఒంటరి ముసలమ్మలు, బేవాలు, మంచం పట్టినవాళ్లు వున్న ఇండ్లవి. అవి ఏవో మనకు పేరు పేరునా తెలుసు. ఆ ఇండ్ల మూట సొసైటీ బాధ్యత కావలెనని మా ప్రతిపాదన. జకాత్, సదఖాలలో కొంత భాగం దీనికి కేటాయించి, మసీదులో ఒక ఉమ్మడి పెట్టె వుంచవచ్చు. మోకు, పెద్ద బ్యాటరీ లైట్లు, నాలుగు టార్పాలిన్లు, నీళ్ల క్యాన్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. మసీదు మైకులో హెచ్చరిక చెబితే ఊరంతా వింటుంది. ఆ హెచ్చరిక అన్ని కులాల, అన్ని మతాల వాళ్లకూ పనికివస్తుంది. పెట్టె కూడా అట్లే అందరిదిగా వుండవలె. యేరు పొంగినప్పుడు ఎవరి వీధి అని చూడదు. పొరుగువాడు ఆకలితో వుండగా కడుపు నింపుకోరాదని నేర్చుకున్నవాళ్లము, ఆ పొరుగువాని పేరు అడగవలసిన పని లేదు.

కాబట్టి సభ్యులకు మా విన్నపము ఇది. ప్రతి ఇంటా రానున్న శుక్రవారం లోపల కాగితాల కవరు కట్టండి. దీనికి ఖర్చు లేదు. నెల లోపల నీళ్ల క్యాన్లు, మందులు చేర్చండి. అక్టోబరు వచ్చేసరికి మూట పూర్తి కావలె. సొసైటీ యువకులు ఒంటరివాళ్ల ఇండ్ల జాబితా తయారుచేయవలె. ఏ ఇంటికి ఎవరు పోవలెనో ముందే రాసి పెట్టుకోవలె. ఆ రాత్రి వచ్చినప్పుడు ఆలోచించడానికి తీరిక వుండదు.

ఆ మూట ఏనాటికీ విప్పవలసిన అవసరం రాకుండా అల్లాహ్ మన ఊరిని, మన జిల్లాను, అందరి బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.

వస్సలాం.