ఒకసారి వద్దన్న ఊరిని మళ్లీ అడగొచ్చా?



గ్రామసభల మీద జరిగిన యువత శిక్షణలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగారు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. నిదానంగా చదవండి, మీ ఊళ్లో నలుగురికి చదివి వినిపించండి.

ఈ రోజు ప్రశ్న ఒక్కటే. ఊరంతా కూర్చుని ఒక విషయం మీద "వద్దు" అని తేల్చేసింది. మూడేళ్లు పోయాక ప్రభుత్వం మళ్లీ వచ్చి "ఇంకోసారి ఓటేయండి" అంది. అది ప్రజాస్వామ్యమా, మోసమా?

వెంటనే "మోసం" అనేయకండి. నేనూ ముందు అలాగే అనబోయాను. కానీ ఈ ప్రశ్న మనం అనుకున్నంత సులువు కాదు. ఎందుకు కాదో చెప్తాను.

ముందు నియమగిరి కథ. మన సరిహద్దు అవతల, ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న కొండలవి. డోంగ్రియా కోందుల దేవుడు నియమరాజు అక్కడే ఉంటాడు. వాళ్ల బంధువులు, అంటే కోందులు, మన అరకు, పాడేరు వైపు కూడా ఉన్నారు. ఆ కొండల పైన బాక్సైట్ ఉంది. కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ ముందు కట్టేసి, కొండ కోసం తర్వాత అడగడం మొదలెట్టారు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2010లో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అటవీ అనుమతి ఇవ్వలేదు. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం కింద అక్కడి వాళ్లకి ఉన్న హక్కులు, దేవుడికి సంబంధించిన హక్కులతో సహా, గ్రామసభలే చూసి తేల్చాలి అంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చోవాలి అంది.

అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? నియమగిరి మీద, చుట్టుపక్కల వందకు పైగా ఊళ్లు ఉంటే, అందులోంచి 12 ఊళ్లే ఎంచుకుంది. రాయగడలో 7, కలహండిలో 5. అంటే ఎవరిని అడగాలో కూడా అడిగేవాళ్లే ఎంచుకున్నారు. 2013 జులై, ఆగస్టు నెలల్లో, వర్షాకాలంలో, ఒక్కో ఊళ్లో సభ జరిగింది. 12కి 12 ఊళ్లూ వద్దన్నాయి. ఒక్క ఊరు కూడా అటు పోలేదు. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతిని తిరస్కరించింది.

ఇక్కడితో అయిపోవాలి గదా? కాలేదు. 2016లో ఒడిశా వైపు నుంచి మళ్లీ సుప్రీంకోర్టుకి అర్జీ వెళ్లింది. గ్రామసభలు మళ్లీ పెట్టించండి అని. ఆ ఏడాది మే నెలలో కోర్టు ఒప్పుకోలేదు. అందుకే ఆ 12 తీర్మానాలు ఈ రోజుకీ నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు అవతలి వాళ్ల వాదన కూడా వినాలి. మళ్లీ అడిగితే తప్పేంటి అంటారు. ఎన్నికలు అయిదేళ్లకోసారి వస్తాయి, జనం మనసు మార్చుకుంటారు, అదే ప్రజాస్వామ్యం. ఒకసారి ఓటేసిన దానికి ఎప్పటికీ కట్టుబడి ఉండాలంటే ఎలా? ఈ మాటలో బలం ఉంది. లేదని మనం నటించకూడదు.

ఇదే తగువు చాలా పెద్ద దేశంలో కూడా జరిగింది. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఓటేశారు. సుమారు 52 శాతం రావాలన్నారు, 48 శాతం ఉండాలన్నారు. తర్వాత మూడేళ్లు అక్కడ ఒకటే గొడవ. మళ్లీ ఓటు పెట్టాలని "పీపుల్స్ ఓట్" పేరుతో ఉద్యమం నడిచింది, లండన్ వీధుల్లో పెద్ద ఊరేగింపులు జరిగాయి. వాళ్లు అడిగింది ఇది: 2016లో బయటికి రావాలా అని మాత్రమే అడిగారు, ఎలా వస్తాం, ఏ ఒప్పందంతో వస్తాం అని చెప్పలేదు. ఇప్పుడు ఒప్పందం చేతికొచ్చింది, దాన్ని చూసి ఓటేయనివ్వండి. అవతలి వాళ్లు అన్నది ఇది: మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటారా? రెండో ఓటు జరగలేదు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చేసింది.

ఒక తమాషా చూడండి. 2016 ఓటే ఒక రకంగా రెండోసారి ఓటు. 1975లో ఇదే విషయం మీద ఓటు పెడితే మూడింట రెండు వంతుల మంది ఉందామన్నారు. అంటే "ఒకసారి ఓటేశాం, మళ్లీ అడగొద్దు" అన్నవాళ్లు గెలిచింది కూడా మళ్లీ అడగడం వల్లే. కానీ రెంటి మధ్యా 41 ఏళ్లు ఉంది. ఒక తరం పోయి ఇంకో తరం వచ్చింది.

ఐర్లండ్‌లో ఇంకో రకం జరిగింది. 2008 జూన్‌లో లిస్బన్ ఒప్పందం మీద ఓటేస్తే 53 శాతం వద్దన్నారు. 16 నెలలకే, 2009 అక్టోబర్‌లో, మళ్లీ పెట్టారు. ఈసారి 67 శాతం సరేనన్నారు. మధ్యలో ఏమైంది? సైనిక తటస్థత, పన్నులు, గర్భస్రావ చట్టం మీద ఐర్లండ్ వాళ్ల భయాలకి రాతపూర్వక హామీలు ఇచ్చారు. యూరోపియన్ కమిషన్‌లో వాళ్ల ప్రతినిధి ఉంటాడని మాటిచ్చారు. కాబట్టి ప్రశ్న కొంచెమైనా మారింది. అయినా అక్కడ చాలామంది ఇప్పటికీ అడిగేది ఒకటే: మొదటిసారే సరే అని ఉంటే, రెండోసారి అడిగేవాళ్లా? దీనికి నిజాయితీ జవాబు, అడిగేవాళ్లు కాదు.

ఇప్పుడు మన వైపు తిరగండి. ఛత్తీస్‌గఢ్‌లో హస్‌దేవ్ అడవి గురించి మీకు తెలుసు. అక్కడ పర్సా బొగ్గు గనికి గ్రామసభలు ఒప్పుకున్నాయని కాగితాలు చూపించారు. ఆ ఊళ్ల వాళ్లేమో మేం అసలు ఒప్పుకోలేదు, ఆ తీర్మానాలు దొంగవి అన్నారు. 2021 అక్టోబర్‌లో ఊళ్ల నుంచి రాయ్‌పూర్ దాకా సుమారు 300 కిలోమీటర్లు నడిచి వెళ్లి గవర్నర్‌కి, ముఖ్యమంత్రికి చెప్పుకున్నారు. ఆ తీర్మానాలు చెల్లవు, మా ఊరి మాట మళ్లీ వినండి అని.

చూశారా చిక్కు? నియమగిరిలో "మళ్లీ అడగొద్దు" అంటున్నాం. హస్‌దేవ్‌లో "మళ్లీ వినండి" అంటున్నాం. రెండుచోట్లా మనమే. అవతలివాడు వేలు పెట్టి చూపిస్తాడు: మీకు నచ్చితే ఒకసారి చాలు, నచ్చకపోతే రెండోసారి కావాలా అని. దీనికి మన దగ్గర జవాబు ఉండాలి. నినాదం సరిపోదు.

నా జవాబు నాలుగు ప్రశ్నల్లో చెప్తాను. ఎక్కడ ఎవరు మళ్లీ ఓటు అడిగినా ఈ నాలుగూ వేసి చూడండి.

మొదటిది. ముందు జరిగిన సభ నిజంగా జరిగిందా? కబురు అందిందా, కోరం ఉందా, మన భాషలో చెప్పారా, కాగితం మీద రాసింది మనం అన్నదేనా? హస్‌దేవ్‌లో ఊళ్ల వాళ్లు అంటున్నది ఇదే, ఆ సభ సభే కాదని. దొంగ సభని కొట్టేసి అసలు సభ పెట్టమంటే అది రెండోసారి అడగడం కాదు, మొదటిసారి అడగడం. నియమగిరిలో జడ్జి కళ్లముందే సభలు జరిగాయి. కాబట్టి అక్కడ ఆ సాకు లేదు.

రెండోది. మళ్లీ కావాలన్నది ఎవరు? ఊరివాళ్లు కూర్చుని మళ్లీ మాట్లాడుకుందాం అనుకుంటే అది వాళ్ల హక్కు. గ్రామసభ ఊరిది. ఎన్నిసార్లయినా కూర్చోవచ్చు. కానీ ఓడిపోయినవాడు, అదీ ఊరి బయటివాడు, కొండ కింద ఫ్యాక్టరీ ముందే కట్టేసుకున్నవాడి అవసరం కోసం మళ్లీ అడిగితే, అది ఊరి ఆలోచన మారడం కాదు, ఊరి ఓపికని కొలవడం. పోడు పనులు మానుకుని, కూలి పోగొట్టుకుని, ఎన్నిసార్లు కొండ దిగి వస్తారు? వాళ్లకి జీతాలున్నాయి, లాయర్లున్నారు. మనకి కాళ్లున్నాయి.

మూడోది. ప్రశ్న మారిందా? ఐర్లండ్‌లో మారింది కొంచెం. బ్రిటన్‌లో మళ్లీ ఓటు అడిగినవాళ్లు కూడా కొత్త ఒప్పందం వచ్చింది అనే చెప్పారు. నియమగిరిలో కొండ అదే, గని అదే, దేవుడు అదే. అదే ప్రశ్న వేస్తే అదే జవాబు ఉంది, రాసి ఉంది, చదువుకోండి.

నాలుగోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలమా? "వద్దు" అంటే కొండ అక్కడే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లలు వేరేగా ఆలోచిస్తే, ఆ రోజు వాళ్లు నిర్ణయించుకోవచ్చు. "సరే" అంటే కొండ పోతుంది. తవ్వినదాన్ని ఏ గ్రామసభా తిరిగి పెట్టలేదు. బ్రిటన్ బయటికి వెళ్లింది, ఎప్పుడో మళ్లీ చేరాలనుకుంటే ఎంత కష్టమైనా దారి ఉంది. తవ్విన కొండకి ఆ దారి లేదు. అందుకే నేనంటాను, మళ్లీ మళ్లీ అడగాల్సింది "సరే" అన్న ఊరిని: నిజంగా అన్నారా, అంతా తెలిసి అన్నారా అని. "వద్దు" అన్న ఊరిని కాదు. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడింది. వద్దంటే పదిసార్లు అడుగుతారు. సరే అంటే ఒక్కసారితో మిషన్లు దింపేస్తారు.

ఇక ఒక మాట మన లోపలి వాళ్ల గురించి. మన ఊళ్లలో కూడా "గని వస్తే ఉద్యోగం వస్తుందేమో" అనుకునే కుర్రాళ్లు ఉన్నారు. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నవాడి బాధ నాకు తెలుసు, నా బ్యాచ్‌లో అలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లని ద్రోహులు అనొద్దు. సభలో లేచి మాట్లాడమనండి. ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లు, ఎవరికి, రాతలో ఏముంది అని వాళ్లతోనే అడిగిద్దాం. మన "వద్దు" భయపెట్టి తెచ్చిన "వద్దు" అయితే, రేపు కోర్టులో ఒక్క గట్టి ప్రశ్నకి పడిపోతుంది. నియమగిరి 12 ఊళ్ల మాట నిలబడటానికి కారణం, అక్కడ మనుషులు ఒక్కొక్కరుగా లేచి మాట్లాడారు, అది అక్కడికక్కడే రికార్డయింది.

కాబట్టి పని చెప్తాను. ఇది మీలో చదువుకున్నవాళ్లు చెయ్యాల్సిన పని.

మీ గ్రామసభ మినిట్స్ పుస్తకం ఎక్కడుందో ఈ వారంలో కనుక్కోండి. పుస్తకంలో ఖాళీ పేజీ మీద ఎవరూ సంతకం, వేలిముద్ర పెట్టకూడదు. హాజరు కోసం తీసుకున్న సంతకాల కాగితమే తర్వాత ఒప్పుకోలు కాగితం అయిపోవచ్చు. కాబట్టి ప్రతి సంతకాల పేజీ పైన విషయం రాసి ఉండాలి. అటవీ హక్కుల చట్టం 2012 సవరణ నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మందైనా ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి. లెక్క రాయండి. తీర్మానం రాశాక మన భాషలో, తెలుగులో గట్టిగా చదివి వినిపించాకే సంతకాలు. అక్కడే ఫొటో తీసి పదిమంది ఫోన్లలో పెట్టుకోండి. ఒక కాపీ ఎంపీడీవో ఆఫీసుకి, ఒకటి ఐటీడీఏకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఎందుకు వద్దంటున్నామో కారణాలు కూడా రాయండి: నీళ్లు, దేవుడు, పోడు, పశువుల మేత. ఉత్త "వద్దు"ని మళ్లీ అడగడం సులువు. కారణాలు రాసిన "వద్దు"ని అడగాలంటే ముందు ఆ కారణాలకి జవాబు చెప్పాలి.

చివరిగా మన సంగతి. విశాఖ మన్యంలో బాక్సైట్ కోసం 2015లో జీవో 97 వచ్చింది. జనం కదిలారు, పని ఆగింది, 2019లో ఆ జీవో రద్దయింది. సంతోషం. కానీ జీవో ఇచ్చిన చెయ్యే జీవో తీసేసింది, ఆ చెయ్యే ఇంకోటి ఇవ్వగలదు. బాక్సైట్ కొండల్లోనే ఉంది, అడిగేవాళ్లు మళ్లీ వస్తారు. వాళ్లు వచ్చేనాటికి మీ ఊరి మాట ఎక్కడో ఆఫీసు ఫైల్లో కాదు, మీ పుస్తకంలో, మీ చేతిరాతతో ఉందా? ఈ నెల గ్రామసభలో ముందు ఆ పుస్తకం తెరిపించండి. ఏముందో చూసి మాకు రాయండి.

జల్, జంగల్, జమీన్ మనవి. జై ఆదివాసీ!