వారసత్వపు ఇల్లు: పత్రములు, పన్ను

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)

ఇల్లు కట్టినవాడు ఒకడు; దానిని అమ్మవలసి వచ్చినవారు వేరొకరు. బిడ్డలు పట్టణములకు తరలిపోగా తండ్రి కట్టిన పెంకుటిల్లు తాళముతో మిగిలి, వానలకు గోడ నాని, చివరకు బేరమునకు వచ్చుట నేడు ఊరూర కానవచ్చుచున్నది. బేరము కుదిరిననాడు గాని పత్రములు వెదకరు. సొమ్ము చేతికి వచ్చిననాడు గాని పన్ను తలపునకు రాదు. ఈ రెంటిని ముందుగా ఎరుగుట ప్రతి గృహస్థునకు అవసరము.

మొదటి ప్రశ్న: ఆ ఇల్లు ఎవరిది? తండ్రి వీలునామా వ్రాయక మరణించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి ఆయన స్వార్జితము భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగములుగ సంక్రమించును. పిత్రార్జితమున సైతము కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 2005 నాటి సవరణ దేశమంతటను కల్పించినది. సవరణ నాటికి తండ్రి జీవించియుండ నవసరము లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. పెండ్లినాడు పెట్టిపోతలతో ఆడపడుచు భాగము తీరిపోయినదను మాట లోకవాడుకయే గాని చట్టము కాదు. ఆమె సంతకము లేక అన్నదమ్ములు వ్రాసియిచ్చిన దస్తావేజు ఆమె భాగమును బంధింపజాలదు. ఆమె తన భాగమును మనసార వదలుకొనదలచినచో హక్కు విడుదల పత్రమును రిజిస్టరు చేయింపవలెను. నోటిమాట నీటిమూట.

రెండవ ప్రశ్న: ఆధారమేమి? గ్రామకంఠములోని ఇండ్లకు పొలములకు వలె పట్టాలు లేకపోవుట సాధారణము. పంచాయతీ ఇంటిపన్ను రసీదునే పలువురు హక్కుపత్రమని భ్రమపడుచున్నారు. ఆ రసీదు అనుభవమునకు సాక్ష్యము. హక్కును అది పుట్టింపదు. రిజిస్టరులో పేరు మారినంత మాత్రమున స్వామ్యము మారదు. గ్రామ నివాస స్థలములను డ్రోనులతో కొలిచి హక్కు పత్రములిచ్చుటకై కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. అమ్మదలచినవారు తండ్రి నాటి దస్తావేజు, మరణ ధ్రువపత్రము, తహసీల్దారు కార్యాలయమునుండి కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఇ.సి. సమకూర్చుకొని, వానిని ఒకచో భద్రపరుపవలెను.

ఇక పన్ను. వారసత్వముగ ఇల్లు సంక్రమించినందుకు పన్ను లేదు. 1953లో వచ్చిన ఎస్టేటు సుంకము 1985లో రద్దయినది. అమ్మినప్పుడు కలుగు లాభముపై మాత్రము మూలధన లాభపు పన్ను కలదు. పట్టణములకు దూరమైన పల్లెలోని సాగుభూమి అమ్మకమునకు ఈ పన్ను వర్తింపదు గనుక, పల్లెలోని ఇంటికిని వర్తింపదని కొందరు తలంతురు. అది పొరపాటు, ఇంటికి ఆ మినహాయింపు లేదు.

‘మేము కొనలేదు గదా, మా ఖర్చు సున్న’ అని లెక్కించుటయు పొరపాటే. తండ్రి ఖర్చే బిడ్డల ఖర్చు. తండ్రి స్వామ్యమున నున్న కాలము బిడ్డల కాలములో కలియును. 2001 ఏప్రిల్ 1కి పూర్వము సంపాదించిన ఇంటికి ఆనాటి విలువను ఖర్చుగ గ్రహింపవచ్చును. ఆనాటి స్టాంపు విలువ దొరకినచో దానిని మించరాదు.

ఒక ఉదాహరణము. ఇద్దరన్నదమ్ములు, ఒక ఆడపడుచు తమ తండ్రి 1975లో కట్టిన ఇంటిని 2025 జనవరిలో 40 లక్షలకు అమ్మిరనుకొందము. 2001 నాటి విలువ 8 లక్షలు. ఖర్చు సున్నయని లెక్కించినచో 12.5 శాతము చొప్పున పన్ను 5 లక్షలు. 8 లక్షలు తీసివేసినచో 4 లక్షలు. 2024 జూలై 23కి ముందు సంపాదించిన ఇంటికి, దేశమున నివసించువారు ధరల సూచికతో ఖర్చును పెంచి 20 శాతము చొప్పున లెక్కించు పద్ధతిని, అది తక్కువైనచో, ఎంచుకొనవచ్చును. ఆ సంవత్సరపు సూచిక 363 గనుక 8 లక్షలు 29 లక్షల 4 వేలగును. లాభము 10 లక్షల 96 వేలు. పన్ను 2,19,200 రూపాయలు. సెస్సు దీనికి అదనము. ఈ భారము ముగ్గురును ఎవరి భాగమునకు వారు వహింతురు. వారిలో ఒకరు అమెరికాలో స్థిరపడి ఇచట నివాసి కానిచో, వారి భాగమునకు సూచిక వెసులుబాటు లేదు.

ఆ లాభముతో రెండేండ్లలోపల దేశమున వేరొక ఇల్లు కొన్నను, మూడేండ్లలో కట్టుకొన్నను, ఆరు మాసములలో నిర్ణీత బాండ్లలో 50 లక్షల వరకు మదుపు చేసినను, ఆ మేరకు పన్ను తప్పును.

దస్తావేజులో ధర తగ్గించి వ్రాయుట లాభమని తలచువారు కలరు. ప్రభుత్వ విలువకంటె పదిశాతమునకు మించి తగ్గినచో ప్రభుత్వ విలువనే ధరగ గణింతురు. 20,000 రూపాయలుగాని, అంతకు మించిగాని నగదుగ పుచ్చుకొన్నచో అంతకు సమమైన జరిమానా పడవచ్చును.

1961 ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగ 2025 చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కావలెనని శాసింపబడినది. అమ్మకమునకు ముందు ఆనాటి నిబంధనలను తెలిసినవారి నడిగి నిర్ధారించుకొనుట మేలు.

గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకు ఒక సంఖ్య, ఒక చోటు, పట్టికలో ఒక వరుస కలవు. అందుచేతనే ఇరువదియైదేండ్ల తరువాతను అడిగిన పుస్తకము చేతికి వచ్చుచున్నది. ఇంటి పత్రములను గూర్చి గృహస్థుడు ఆపాటి శ్రద్ధ వహించినచో, తండ్రి కట్టిన ఇల్లు అమ్ముడుపోయినను, ఆ ఇంట పెరిగిన తోబుట్టువుల నడుమ మాట నిలుచును. ఇల్లు అమ్మినవారు మరల ఇల్లు కొనవచ్చును. తెగిన చుట్టరికమును కొనుట ఎవరి తరము కాదు.