చమురు వర్తకుడు, క్రీడాప్రియుడు: లమార్ హంట్



ధనవంతులు ఆటలకు సొమ్మిచ్చుట క్రొత్త గాదు. ఆటగానికి దారి చూపినవారు మాత్రము అరుదు. అమెరికా దేశీయుడగు లమార్ హంట్ అట్టివారిలో నొకడు.

ఇతడు 1932 ఆగస్టు 2వ తేదీన ఆర్కెన్సా రాష్ట్రమున జన్మించెను. తండ్రి హెచ్. ఎల్. హంట్ 1930లో తూర్పు టెక్సాస్ చమురు భూములపై హక్కులు కొని కోటీశ్వరుడయ్యెను. కుమారుడు డల్లాస్‌లో భూగర్భశాస్త్రము చదివెను. కళాశాల ఫుట్‌బాల్ జట్టులో చేరెను గాని, ఆడిన దినములకంటె బల్లమీద కూర్చుండి చూచిన దినములే ఎక్కువ. అచ్చటివారు ఫుట్‌బాల్ అనునది మన కాలిబంతి గాదు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తు ఆట.

డల్లాస్ నగరమునకొక జట్టు కావలెనని అతడు పెద్ద లీగును కోరగా వారు సమ్మతింపలేదు. అంతట 1959లో తనవంటివారిని కూడగట్టి వేరొక లీగునే స్థాపించెను. మొదట నష్టములే. కొడుకు ఏటా పదిలక్షల డాలర్లు పోగొట్టుచున్నాడని యెవరో చెప్పగా, ఆ లెక్కన ఇంకను నూరేండ్లకుపైగా నిలువగలడని తండ్రి బదులు చెప్పెనందురు. తండ్రి కలిమియే తనయునకు ధైర్యమైనదనుట నిజమే.

ఆ ధైర్యము ఇతరులకు నుపకరించెను. 1963 సంవత్సరపు ఆటగాండ్ర ఎంపికలో హంట్ జట్టు ఎల్లరికంటె ముందు కోరుకొన్నది బక్ బుకానన్ అను నల్లజాతి యువకుని. అతడు నల్లజాతివారి కళాశాలయగు గ్రాంబ్లింగ్‌లో చదివినవాడు. పెద్ద లీగువారు అదే యువకుని 19వ విడతవరకు తలంపనే లేదు! ఆ యేడే జట్టు కాన్సాస్ సిటీకి తరలి చీఫ్స్ అను పేరు దాల్చెను. 1970 జనవరిలో మిన్నెసోటా జట్టును 23-7తో ఓడించి సూపర్ బౌల్ గెలిచినపుడు బుకానన్ ఆ జట్టులోనే యుండెను. సూపర్ బౌల్ అను పేరును సూచించినవాడును హంటే. పిల్లల ఆటబంతి పేరు వలన అది తోచెనట.

టెన్నిస్‌లో నానాడు పేరునకు అమెచ్యూరులు, చాటున సొమ్ము. 1967లో హంట్ మొదలగువారు ఎనిమిదిమంది మేటి ఆటగాండ్రకు బహిరంగముగా వేతనమిచ్చి కుదుర్చుకొనిరి. 1968లో వింబుల్డన్ వృత్తి ఆటగాండ్రకు తలుపు తెరచుటకు ఇదియు నొక కారణము.

రజతోత్సవమున వెండి ప్రస్తావన తప్పునా? 1980లో వెండి ధర కుప్పకూలినపుడు, దానిని విపరీతముగా కొనిపెట్టిన హంట్ సోదరులు మునిగిరి. ఆ వ్యవహారమున లమార్‌కును పాలుండెను. 1988లో న్యూయార్కు న్యాయస్థానమున తీర్పు సోదరులకు వ్యతిరేకముగా వచ్చెను. ఆటలో చూపిన నిదానము బజారులో చూపలేదు.

అయినను అతని నడవడి నిరాడంబరము. విమానమున సామాన్య తరగతిలోనే పయనించెడివాడు. 2006 డిసెంబరు 13వ తేదీన డల్లాస్‌లో కన్నుమూసెను. 1914 నుండి జరుగుచున్న అమెరికా కాలిబంతి కప్పు పోటీకి 1999లోనే, అతడు జీవించియుండగనే, అతని పేరు పెట్టిరి.