గొట్టము కొలత – రైతు గోడు
(నంద్యాలలో నొక పఠనమందిరమున న్యాయవాది యొకరు కావించిన ప్రసంగపాఠము)



మహానంది కోనేటినుండి వెడలిన నీరు గుడి ప్రాకారము దాటి అరటితోటలలోనికి బోవుచున్నది. ఆ తోటలకు వెనుక నల్లమల. నీరు దిగివచ్చు ఆ కొండనుండియే అడవిపందియు దిగివచ్చును. ఈ సంగతి నేను మీకు జెప్పవలసినది గాదు. రాత్రులందు మంచెమీద గూర్చుండి డబ్బా వాయించిన చేతు లీ సభలో ననేకము లున్నవి. నేడు నేను జెప్పదలచినది ఆ మంచెమీద నుండు తుపాకిని గూర్చియు, దాని గొట్టము పొడవును గూర్చియు మాత్రమే. ఇంత స్వల్పవిషయమునకు సభ యేల యని కొందరు నవ్వవచ్చును. ఒక యంగుళమునకు ఏడేండ్ల కారాగారము వెల యగునప్పుడు అది స్వల్పవిషయము గాజాలదు.

గడచిన వేసవిలో కొండ క్రింది గ్రామమునుండి యొక రైతు నాకడకు వచ్చెను. ఆయన యింట తాతనాటి యొంటిగొట్టపు 12 బోరు తుపాకి యొకటి గలదు. తాత గతించెను, తండ్రియు గతించెను. లైసెన్సు తండ్రి పేరననే యున్నది. తుపాకి క్రిందపడి మూతికడ గొట్టము సొట్టపోగా, ఊరి కమ్మరి దానిని రంపముతో గోసి ఆకురాతితో నునుపు జేసి యిచ్చెనట. మిగిలిన గొట్టము 18½ అంగుళములని ఆయనయే కొలిచి చెప్పెను. "అయ్యా, చెడినదానిని బాగుచేయించితిని. కొత్తది కొనలేదు, ఒకరిపై గురిపెట్టలేదు. నే జేసిన తప్పేమి?" అని ఆ పెద్దమనుష్యు డడిగెను. ఆ ప్రశ్నయే నన్నిచ్చటికి దెచ్చినది.

తప్పేమో వినుడు. మన దేశమున నమలులోనున్నది 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము. అది 1962 అక్టోబరు 1వ తేదినుండి అమలునకు వచ్చెను. దాని 6వ విభాగము ప్రకారము లైసెన్సు లేనిదే యెవ్వరును తుపాకి గొట్టమును పొట్టిచేయరాదు; తుపాకివలె గనబడు బొమ్మను నిజమైన తుపాకిగా మార్చరాదు. 2019లో జరిగిన సవరణతో, ఒక తరగతి తుపాకిని మరియొక తరగతి తుపాకిగా మార్చుటయు నిందులో జేరినది. పూర్వము ఈ నేరమునకు మూడేండ్లు మొదలు ఏడేండ్ల వరకు శిక్ష. ఆ సవరణ తరువాత ఏడేండ్లకు దక్కువ గాకుండ యావజ్జీవము వరకును, జుల్మానాయును. కోయించినవానిమాట యట్లుండగా, కోసిన కమ్మరియు దప్పించుకొనలేడు. తుపాకులను తయారుచేయుట, మార్చుట, బాగుచేయుట మున్నగు పనులను వృత్తిగా జేయువాడు 5వ విభాగము క్రింద లైసెన్సు బొందినవాడై యుండవలెను. నాగలికర్రు సాగగొట్టినట్లు తుపాకిగొట్టమును కోసి యిచ్చిన కమ్మరి తానెంత ప్రమాదమున బడెనో యెరుగడు.

ఇచ్చట జనులలో నొక భ్రమ గలదు. "20 అంగుళములు మిగిలియుండినచో చాలును, అంతవరకు గోసికొనవచ్చును" అందురు. కాదు. 6వ విభాగమున కొలత లేదు. 30 అంగుళముల గొట్టమును 28కి దగ్గించినను అది పొట్టిచేయుటయే. 20 అంగుళముల కొలత వచ్చునది వేరొక చోట. తుపాకుల తరగతులను నిర్ణయించు నియమముల పట్టికలో, 20 అంగుళములకు దక్కువ గొట్టముగల నునుపు గొట్టపు తుపాకి మొదటి తరగతిలో నున్నది. అనగా సామాన్యమైన వేట తుపాకుల పంక్తినుండి వెలివేయబడి, అర్ధస్వయంచాలక తుపాకుల ప్రక్కన గూర్చుండబెట్టబడినది. మన రైతు తుపాకి రంపపుకోతతో పంక్తి మారెను. లైసెన్సు పుస్తకములో వ్రాసిన తుపాకికిని, ఇంటిలో నున్న తుపాకికిని పొత్తు లేకపోయెను.

ఒక యంగుళమందు ఇంత విషమేల? షాటుగన్ను తూటాలోని మందు గొట్టపు మొదటి భాగముననే చాలవరకు గాలిపోవును. కావున కొన కొంత కోసినను గుండ్ల వేగ మంతగా దగ్గదు. కాని మూతికడ గుండ్లను గుంపుగా బట్టియుంచు బిగువు తెగిపోవును. గుండ్లు త్వరగా చెదరును. దూరముననున్న పందికి తగులునదియు దగులకపోవునదియు దైవాధీనము. అనగా చేనికావలికి పొట్టి తుపాకి పనికిమాలినది. దాని కున్న గుణమెల్ల ఒక్కటే: దుప్పటి క్రింద, అంగీ క్రింద దాగును. చట్టము భయపడునది ఆ దాగుటకే. ఈ భయము మనదేశమున మాత్రమే లేదు. ఇంగ్లండున షాటుగన్ను గొట్టము 24 అంగుళములకు దగ్గరాదు. అమెరికాలో 1934 నాటి చట్టము 18 అంగుళములయొద్ద గీత గీచి, అంతకు దక్కువదానిని కేంద్రప్రభుత్వమువారి పుస్తకములో నమోదు చేయింపవలె నన్నది. మన పెద్దలు 20 అని గీచిరి. గీత యెచ్చటనైన నొకచోట గీయవలసినదే గదా.

ఇక మన జిల్లా చరిత్రలో ఆయుధముమాట యెత్తినచో పాతగాయము రేగును. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను కోటలో ఫిరంగులును మందుగుండును కూడబెట్టెనని చెప్పి కుంఫిణీవారు దండెత్తి రాజ్యమును గైకొనిరి. మన యాళ్లగడ్డకు సమీపమున నున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై బడి, నల్లమల నాశ్రయించి పోరాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరికంబ మెక్కెను. ఆ కాలపు దొరలకు ప్రజల చేతిలోని తుపాకియన్న నిద్ర పట్టెడిది గాదు. లిట్టను ప్రభువుకాలమున 1878లో వచ్చిన ఆయుధముల చట్టము దేశప్రజలు లైసెన్సు లేక ఆయుధము పట్టరాదని శాసించి, ఐరోపీయుల కా నిర్బంధము లేకుండ జేసెను. 1887లో మదరాసున గూడిన కాంగ్రెసు మహాసభ యీ చట్టమును సవరింపవలెనని తీర్మానించెను. 1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రభుత్వముముందు బెట్టిన పదునొకండు కోరికలలో, ప్రజాధీనమైన కట్టుబాటునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ఇయ్యవలెననునది యొకటి. అహింసకు బ్రాణమిచ్చిన మహనీయుడే దీనిని కోరెననిన కొంద రాశ్చర్యపడుదురు. ఆయన కోరినది తుపాకిని గాదు. జాతిని నమ్మదగనిదానిగా జూచుట పోవలెనని కోరెను.

ఆ కోరిక 1959 చట్టములో నెంతవరకు దీరినదో 13వ విభాగము చూపును. దీనిని మీరు శ్రద్ధగా వినవలయును. 20 అంగుళములకు దక్కువగాని గొట్టముగల నునుపు గొట్టపు తుపాకిని రక్షణకో క్రీడకో యొక భారతపౌరుడు కోరినప్పుడును, నిజమైన పంటరక్షణకై మూతినుండి మందు గూరెడి తుపాకిని కోరినప్పుడును, అధికారి లైసెన్సు "ఇయ్యవచ్చును" అని గాదు, "ఇయ్యవలెను" అనియే చట్టమనుచున్నది. మందుతుపాకి పంటకు జాలదని అధికారికి దోచినచో, పైకొలత గల యితర నునుపు గొట్టపు తుపాకికిని ఇయ్యవచ్చును. పోలీసువారి విచారణ యుండును. 21 ఏండ్లు నిండియుండవలెను. శాంతిభద్రతలకు హాని యని తోచినచో నిరాకరింపవచ్చును. కాని 14వ విభాగము మరియొక మాట చెప్పుచున్నది: ఆస్తి చాలదను నెపము మాత్రమున నెవనికిని లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో కారణములను వ్రాతమూలకముగ నమోదు చేయవలెను. వాటి సారాంశము, ప్రజాహితమునకు భంగము గానిచో, అడిగినవాని కియ్యవలెను. దానిపై అప్పీలునకు 18వ విభాగము దారి చూపుచున్నది. ఒక కచేరిలో నొక రైతు అర్జీ కొన్నేండ్లు అవునుగాని కాదుగాని లేక మూలబడియుండుట నే నెరుగుదును. కాదన్నచో అప్పీలున్నది, ఏమియు ననకున్నచో రైతు ఎవరిపై అప్పీలు చేయవలెను? కొలత తప్పిన గొట్టమునకు కఠినశిక్ష విధించిన ప్రభుత్వము, కొలత తప్పని గొట్టమును కోరినవానికి గడువులో జవాబైన నియ్యవలదా? ఇది నా ఫిర్యాదు. మీదియు నగునని నమ్ముచున్నాను.

లైసెన్సు వచ్చిన తరువాత మరువరాని సంగతులు కొన్ని. దాని గడువు పూర్వము మూడేండ్లు, ఇప్పు డైదేండ్లు. ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకులు మూడు గాక ఇప్పుడు రెండే. లైసెన్సుదారునకు జాతీయ పట్టికలో ప్రత్యేకసంఖ్య యుండవలెను. 2022 ఏప్రిలు 4వ తేదిని నంద్యాల జిల్లా యేర్పడినది గనుక ఇచ్చటివారి యర్జీలు కర్నూలునకు గాక నంద్యాల కలెక్టరు కచేరికే చేరును. తుపాకిపై జెక్కిన పేరును, సంఖ్యను చెరుపుట 8వ విభాగము క్రింద వేరు నేరము. మన రైతు తుపాకిపై సంఖ్య గొట్టపు మొదట నుండుటచే రంపమునకు జిక్కలేదు. అంతమాత్ర మాయన యదృష్టము.

మహానందివైపువారికి మరియొక చిక్కు గలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు 34వ విభాగము ప్రకారము, అభయారణ్యములోను దానికి 10 కిలోమీటర్ల లోపలను నివసించు ఆయుధపు లైసెన్సుదారులు అటవీశాఖవారియొద్ద తమ పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ మేరలో క్రొత్త లైసెన్సు కావలెనన్న ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ముందుగా గావలెను. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము గలదు. నాగార్జునసాగరు–శ్రీశైలము పులుల యరణ్యము గలదు. మీ గ్రామ మా మేరకు లోపలనో వెలుపలనో ముందు తెలిసికొనుడు. కలెక్టరు కచేరిలో వ్రాయించుకొన్న పేరు అడవి కచేరిలో వ్రాయించుకొన్నట్లు గాదు. మరియు తుపాకికి లైసెన్సున్నంతమాత్రమున పందిని గాల్చుట కనుమతి యున్నట్లు గాదు. పంట పాడుచేయు జంతువును జంపుటకు 11వ విభాగము క్రింద వేరుగా ఉత్తరువు గావలెను. చేనిగట్టున విద్యుత్తీగ బరచి, మరునాడు తన పొరుగువానినే శవముగా జూచుటకంటె ఈ కాగితముల శ్రమ మేలు.

ఆ రైతుమాట యేమాయె నని మీరడుగుదురు. లైసెన్సుదారుడు మరణించినపుడు వారసులు తుపాకిని ఆలస్యము లేక పోలీసు ఠాణాలోనో లైసెన్సుగల వర్తకునికడనో ఉంచవలెనని 21వ విభాగము. ఆయన తండ్రి పోయి నాలుగేండ్లు. జరిగినదంతయు దాచక వ్రాసి, ఆ వ్రాతతో తుపాకిని ఠాణాలో నప్పగింపుమని చెప్పితిని. అప్పగించెను. వ్యవహార మింకను దేలలేదు గావున నంతకు మించి చెప్పుట భావ్యము గాదు. ఈ యేడు ఆయన తోటలో రెండువంతుల పిలకలు పందులపాలయ్యెనని మాత్రము వింటిని.

సభకు ముందు ఒక మిత్రుడు, తన యింటి గోడకు వ్రేలాడు తుప్పుపట్టిన మందుతుపాకి సంగతి యడిగెను. బాగుచేసినను కాల్చుట కెంతమాత్రము పనికిరానిదైనచో 45వ విభాగము దానిని చట్టమునుండి మినహాయించుచున్నది. పనికివచ్చునో రాదో చూచుటకై మందు గూరి పరీక్షింపబోకుడు. ఇట్టి సందేహములు గలవారు రేపుదయము మా యింటికి రావచ్చును. తుపాకి తేవలదు, తాతనాటివైనను సరే, కాగితములు తెండు.