మూత్రం రంగు చూశారా?



ఈ రోజు మాట్లాడుకునేది మూత్రం గురించి. కొందరు నవ్వుతారు. కొందరు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నవ్వితే నవ్వనీ. ఒంట్లో సంగతి బయటికి తెచ్చి చూపేది అదే.

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పే పని లేదు. ఆడవాళ్లు పొద్దున్నే సద్ది కట్టుకొని కలుపుకు పోతారు. మగవాళ్లకు గట్టు చాటు చాలు. ఆడవాళ్లకు చాటు దొరకదు. అందుకే చాలామంది నీళ్లే తాగరు. వచ్చినా సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. తంటా అక్కడే మొదలవుతుంది.

వీపు వెనక, పక్కటెముకల కింద రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత. నెత్తురును వడగట్టడం వాటి పని. చెత్తను, ఎక్కువైన నీటిని మూత్రంగా పంపేస్తాయి. నీళ్లు సరిగా తాగితే మూత్రం లేత పసుపుగా ఉంటుంది. తక్కువైతే ముదురుతుంది. నీళ్లు బాగా తాగితే మళ్లీ తేటపడుతుంది. ఎంత తాగినా ముదురుగానే ఉండి, కళ్లు కూడా పచ్చబడితే కామెర్లు కావచ్చు. కంట్లో పసరు పోయించుకుంటూ రోజులు గడపకూడదు. ఆసుపత్రికి పోవాలి.

రంగు మారినప్పుడల్లా భయపడాల్సిన పని లేదు. బీట్‌రూట్ తిన్నా ఎర్రగా రావచ్చు. క్షయ మందులు మింగేవాళ్లకు నారింజ రంగులో వస్తుంది. అది చూసి మందు మానేస్తే జబ్బు ముదురుతుంది. ఇవేవీ లేకుండా, నెలసరి కూడా కాకుండా ఎర్రగా వస్తే అది నెత్తురు కావచ్చు. నొప్పి లేకపోయినా చూపించుకోవాల్సిందే.

మంట పుడితే "వేడి చేసింది" అంటారు. బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటారు. నీళ్లు తాగడం మంచిదే. కానీ మంటతో పాటు మాటిమాటికీ రావడం, మూత్రం మబ్బుగా ఉండడం, దుర్వాసన ఉంటే లోపల క్రిములు చేరినట్టు. చలిజ్వరం, నడుము నొప్పి కూడా వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మూత్రానికి చీమలు పడితే మధుమేహం అని పాతకాలపు వైద్యులే గుర్తించారు. అయితే చీమలు రాలేదు కాబట్టి షుగర్ లేదనుకోవడం తప్పు. దానికి నెత్తురు పరీక్ష ఉంది.

కంటికి తేటగా ఉన్న మూత్రంలోనూ తేడా ఉండొచ్చు. ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లకు. ఒక కోడలికి ఏడో నెల అనుకోండి. ముఖం ఉబ్బింది. గాజులు బిగుతయ్యాయి. తల పగిలేంత నొప్పి. చూపు మసక. "కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలే" అంటుంది అత్త. మామూలు కాదు. రక్తపోటు పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ పోతూ ఉండొచ్చు. ఊరుకుంటే ఫిట్స్ రావచ్చు. అదే మన పెద్దవాళ్లు చెప్పే గుర్రపు వాతం. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపల తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకుండా పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆల్బుమిన్ అంటే గుడ్డు తెల్లసొన లాంటి మాంసకృత్తు. గాజు గొట్టంలో మూత్రం పోసి పైభాగం వేడి చేస్తే, తెల్లసొన ఉడికినట్టే తెల్లబడుతుంది. ఒక చుక్క ఆమ్లం వేసినా ఆ తెలుపు పోకపోతే ఆల్బుమిన్ ఉన్నట్టు. ఇప్పుడు కాగితపు పట్టీ ముంచి చూస్తున్నారు. పసుపు పట్టీ ఆకుపచ్చగా మారుతుంది. నిమిషం పని. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటు 2016 నుంచి ఉంది. మూత్ర పరీక్ష, రక్తపోటు రెండూ చూడమని అడగాలి.

సీసా మాట కూడా ఒకటుంది. దగ్గు మందు సీసాలోనో, ఊరగాయ డబ్బాలోనో పట్టుకొని పోతారు. అందులో అంటుకున్నది కలిసి లెక్క తప్పొచ్చు. ఆసుపత్రిలో ఇచ్చే డబ్బాలోనే పట్టాలి. మొదట కొంచెం వదిలేసి, మధ్యలోది పట్టాలి.

పరీక్ష చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఉండనీ. ఆల్బుమిన్ ఎదురుగా + గుర్తు ఉందేమో చూడండి. అది మీరు లెక్కల్లో నేర్చుకున్న కూడిక గుర్తే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, "ఇదేంది నర్సమ్మా?" అని అక్కడే అడగండి.